పాప చేతి పాయింటు

దేవుడి గూట్లో టెంకాయ లేదు.

మహేష్ ముందు గమనించింది అదే. పాప కనబడటం లేదన్న సంగతి ఆ తర్వాత తట్టింది.

అప్పటికి టైము పదిన్నర. పన్నెండింటికి అతను మార్కాపురం రోడ్డులో ఉన్న ఇంగ్లీషు మీడియం బడి దగ్గర ఉండాలి. స్కూలు బస్సు డ్రైవరు ఉద్యోగం. కరస్పాండెంటు చంద్రశేఖరరావు పక్కన కూర్చుని ట్రయల్ చూస్తానన్నాడు. ఆలస్యమైతే వరసలో ఇంకో ఇద్దరున్నారని కూడా అన్నాడు.

గడ్డం గీయించుకోవడానికి మూడేళ్ల యోగేష్‌ను చంకనేసుకుని సెంటరుకు పోయి అప్పుడే వచ్చాడు మహేష్. వచ్చీరాగానే ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. వాడికి ముఖం కడిగి, ఒక కాలు నిక్కర్లోకి దూర్చి, రెండో కాలు కోసం వాడితో పెనుగులాడుతుంటే చూపు గూటి మీద పడింది. పసుపు మరకల పీట ఖాళీగా ఉంది.

“దివ్యా!”

జవాబు లేదు. వసారాలో మంచం మీద ఉండాల్సిన తండ్రి కొండయ్య కూడా లేడు.

ఆ టెంకాయ సంగతి చుట్టుపక్కల అందరికీ తెలుసు. కొనకనమిట్ల నుంచి ఇటు దర్శి దాకా, అటు వెలిగండ్ల దాకా బోరు వేయించాలనుకున్న రైతు ముందు వచ్చేది కొండయ్య ఇంటికే. కొండయ్య పిలక ఉంచిన టెంకాయను అరచేతిలో అడ్డంగా పడుకోబెట్టుకుని, చెప్పులు విడిచి చేనంతా నడుస్తాడు. నీళ్లున్న చోట కాయ లేచి నిటారుగా నిలబడుతుంది. అక్కడ రాయి పాతి పసుపు కుంకుమ పెడతారు. అదే పాయింటు. బోరు బండి వచ్చి అక్కడే దిగుతుంది. రెండేళ్ల కింద పక్షవాతం వచ్చి కొండయ్య కుడిచెయ్యి పడిపోయాక ఆ పని మహేష్‌ది అయింది.

వారం కింద మహేష్ ఆ పని మానేశాడు.

భార్య సుమకు మార్కాపురంలో ఒక ల్యాబులో ఉద్యోగం వచ్చింది. ఏడింటి బస్సుకు పోతే తిరిగి ఆరింటికి వస్తుంది. పాయింట్ల పనికి వేళాపాళా లేదు. పొద్దున దర్శికని బయల్దేరితే మర్నాడు వెలిగండ్లలో తేలాలి. అప్పుడు పిల్లల్ని ఎవరు చూస్తారు? అదే స్కూలు బస్సయితే పిల్లలతో పోయి పిల్లలతో రావచ్చు. జూన్‌లో బడి తెరిస్తే దివ్య ఒకటో తరగతి, యోగేష్ నర్సరీ. ఊళ్లో అందరికీ అతను చెప్పిన కారణం ఇది.

ఇంకో కారణం ఉంది. అది సుమకు తప్ప ఎవరికీ తెలీదు.

పక్కింటి అంకాలమ్మ గోడ మీద నుంచి తల ఎత్తింది. “ఏంది మహేషా, అట్ల అరుస్తన్నావు?”

“పాప యాడుంది అవ్వా?”

“నీకు తెలీదా? వాళ్ల తాతతో వెంకటస్వామి బండెక్కి పోయిందిగా. మీ నాయన దాని నెత్తిన నీళ్లు పోయించి కొత్త గౌను తొడిగించినాడు. నేనే జడేసినా. పిల్ల పెళ్లికి పోయినట్టు చెయ్యూపుకుంటా పోయింది.”

“యాడికి?”

“చేనుకి. బోరు బండి వచ్చిందంట. నువ్వు మానేస్తే ఏమాయెలే, ఇంక మీ ఇంట్లో పాయింట్లు పెట్టేది పాపేనంట గదా!”

మహేష్ ఇంకేమీ వినలేదు.

వరసకు మామయ్యే బత్తాయి రైతు వెంకటస్వామికి ఫోన్ చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాడు. అదే. బోరు బండి చప్పుడు అప్పుడే మొదలై వినబడటం లేదేమో అనుకున్నాడు. సుమ చున్నీతో యోగేష్‌ను పొట్టకు కట్టుకుని బైకు తీశాడు. వాడి నిక్కరు ఒక కాలికే ఉంది. రెండోది గాలికి ఊగుతోంది.

“నాన్నా, బస్సుకి పోతన్నామా?”

“ముందు అక్కను తెచ్చుకుందాం.”

వెంకటస్వామి చేను ఆరు కిలోమీటర్లు. మే నెల ఎండకు తారు మెరుస్తోంది. యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పాడు.

టెంకాయ ఎలా లేస్తుందో మహేష్‌కు పద్నాలుగో ఏట తెలిసింది. ఒకరోజు మిద్దె మీద కూర్చుని ఊరికే కాయతో ఆడుకుంటుంటే లేచింది. మిద్దె మీద నీళ్లేంటి? మళ్లీ చేసి చూశాడు. అరచెయ్యి కొంచెం గుంట పడితే, వేళ్లు వెంట్రుకవాసి ముడుచుకుంటే, కాయ లేస్తుంది. చేతిలో బరువు పెట్టుకుని గంటసేపు నడిచేవాడికి ఎక్కడో ఒకచోట వేళ్లు ముడుచుకుంటాయి. అంతే. తండ్రికి చెప్పాలని కిందికి దిగాడు. కొండయ్య ఆ కాయకు దండం పెట్టుకుంటున్నాడు. మహేష్ నోరు మూసుకున్నాడు. తండ్రి దగ్గర పందొమ్మిదేళ్లుగా మూసుకునే ఉన్నాడు.

అతను పాయింట్లు పెట్టింది నేల చూసి. పాత బావులు, వాగు పోయిన దారి, రాయి రంగు చూసి ముందే మనసులో అనుకున్న చోట కాయ లేపేవాడు. సగం బోర్లలో నీళ్లు పడేవి. సగం పడేవి కావు. నీళ్లు పడితే కాయ మహిమ అనేవాళ్లు. పడకపోతే రైతు తలరాత అనేవాళ్లు.

నెల కింద మార్కాపురం బస్టాండులో నరేష్ కనబడ్డాడు. వెలిగండ్ల దగ్గర రైతు. మహేష్ అతనికి నాలుగు పాయింట్లు పెట్టాడు. నాలుగూ దుమ్మే. భార్య, ఇద్దరు పిల్లలు, మూడు మూటలతో బెంగుళూరు బస్సు కోసం నిలబడి ఉన్నాడు. మహేష్ తప్పించుకుపోదామనుకున్నాడు. నరేషే పిలిచాడు. “నీ తప్పేం లేదన్నా. కాయ లేచింది, నేను నా కళ్లతో చూసినా గదా. నా రాతే బాగలేదు.”

తిట్టి ఉంటే మహేష్ ఇంకో పదేళ్లు ఆ పని చేసేవాడేమో. కానీ నరేష్ ఓదార్చాడు. ఆ రోజు ఇంటికొచ్చి సుమకు మొత్తం చెప్పేశాడు.

ఇప్పుడా కాయ ఆరేళ్ల దివ్య చేతిలో ఉంది. ఆమె పెట్టిన చోట నీళ్లు పడితే రేపటి నుంచి ఇంటి ముందు బండ్లు ఆగుతాయి. పిల్లను బడి మాన్పించి చేల వెంట తిప్పుతారు. పడకపోతే చెడ్డ చెయ్యి అంటారు. ఆ మాట పిల్లకు పెళ్లయ్యేదాకా వెంటే వస్తుంది. నీళ్లు పడినా నష్టమే, పడకపోయినా నష్టమే. బోరు నేలలోకి దిగకముందే ఆపాలి.

చేను మలుపు తిరగ్గానే కనబడింది. బోరు బండి టవర్ లేపి ఉంది. పక్కన కంప్రెసర్ లారీ. ఇంకా చప్పుడు మొదలు కాలేదు.

బత్తాయి తోటలో ఆకులు ముడుచుకుపోయి ఉన్నాయి. ఒక చెట్టు కింద ప్లాస్టిక్ కుర్చీలో దివ్య కూర్చుని ఉంది. కాళ్లకు పసుపు, నుదుట రూపాయి కాసంత బొట్టు, మెడలో కనకాంబరాల దండ. వెంకటస్వామి తల్లి, డెబ్భై ఏళ్ల మనిషి, వంగి ఆ చిన్న పాదాలు ముట్టుకుని కళ్లకద్దుకుంటోంది.

మహేష్ బైకు ఆపి అటు పరుగెత్తాడు.

“నాన్నా!” దివ్య కుర్చీలోంచి దూకింది. “నేను లేపినా! అందరూ చప్పట్లు కొట్టినారు!”

అతను మోకాళ్ల మీద కూర్చున్నాడు. “ఎట్ల లేచిందమ్మా?”

“చానాసేపు నడిపిచ్చినాడు తాత. చెయ్యి నొప్పెట్టింది. అప్పుడు లేచింది.”

“విన్నావా బావా!” కొండయ్య వెంకటస్వామితో పొంగిపోతూ అన్నాడు. కాయను ఎడమచేత్తో ఎదకు హత్తుకుని ఉన్నాడు. “శక్తి వచ్చేటప్పుడు నొప్పి పుడతాది. నాకూ అట్లనే ఉండేది.”

“నాయనా, దీన్ని ఎందుకు తెచ్చినావు?”

“నువ్వు రానంటివి గదరా. నా చెయ్యి పడిపోయె. మా తాత కాడ్నించి వచ్చిన విద్య, నాతో పోవాల్నా?”

వెంకటస్వామి అడ్డొచ్చాడు. యాభై దాటిన మనిషి, నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. “కోప్పడబాక అల్లుడా. ఐదేళ్ల చెట్లు. ట్యాంకరు నీళ్లతో ఎన్నాళ్లు బతికిస్తా? పసిబిడ్డ చెయ్యి అబద్ధం చెప్తాదా? టెంకాయ కొట్టి మొదలుపెట్టడమే.” బోరు బండి మీదున్న మనిషికి చెయ్యూపాడు. “సెల్వం! కానీయ్!”

“ఆగు!” అని అరిచాడు మహేష్.

తమిళనాడు నుంచి వచ్చిన సెల్వం చేతిలో లివరు పట్టుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “అన్నా, ఒకళ్లు చెప్పండి. ఇంకా రెండు ఊళ్లు పోవాలి.”

“మామా, ఇక్కడ వెయ్యబాక.”

“ఎందుకు?”

“పాప చేతిలో ఏమీ లేదు. నా చేతిలోనూ లేదు.”

వెంకటస్వామి నవ్వాడు. “డ్రైవరు ఉద్యోగం వస్తాందని ఇంటి దేవుణ్ణే కాదంటన్నావా? పో అల్లుడా, నీ బస్సు నువ్వు తోలుకో. పాప నీకన్నా మేలు.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. మాటలతో అయ్యే పని కాదని మహేష్‌కు అర్థమైంది. తండ్రి వైపు చెయ్యి చాపాడు. “నాయనా, కాయ ఇయ్యి.”

కొండయ్య ముఖం వెలిగింది. కొడుకు దారికొచ్చాడనుకున్నాడు. రెండు క్షణాలు కళ్లు మూసుకుని కాయను అతని చేతిలో పెట్టాడు. ఆ వెలుగు చూసి మహేష్ ఒక్క క్షణం ఆగిపోయాడు. తర్వాత కాయ తీసుకుని నేరుగా కంప్రెసర్ లారీ ఎక్కాడు.

“సెల్వం, ఇట్ల రా. చెయ్యి చాపు.”

లారీ ఇనుప పలక మీద నిలబడి, సెల్వం అరచేతిలో కాయను పడుకోబెట్టాడు. “అరచెయ్యి కొంచెం గుంట చెయ్యి. వేళ్లు మెల్లగా పైకి ముడువు. ఇంకా మెల్లగా.”

కాయ కదిలింది. పిలక పైకి తిరిగింది. టక్కున నిలబడింది.

“అయ్యో,” అన్నాడు సెల్వం. “అన్నా, నా లారీలో నీళ్లు లేవు. డీజిల్ ఉంది.”

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది. వెంకటస్వామి లారీ ఎక్కి వచ్చాడు. కాయ లాక్కుని తన అరచేతిలో పెట్టుకున్నాడు. మొదటిసారి పడిపోయింది. రెండోసారి లేచింది. మూడోసారీ లేచింది.

తర్వాత కాయను వదిలేసి మహేష్ కాలరు పట్టుకున్నాడు.

“నా చేలో రెండు బోర్లకు పాయింటు పెట్టింది నువ్వే గదరా! రెండూ ఎండిపోయినాయి. అప్పుడు తెలుసా నీకిది?”

“తెలుసు మామా.”

“తెలిసి పెట్టినావా?”

“నేల చూసి పెట్టినా. నీళ్లు పడతాయనే అనుకున్నా. కాయ మాత్రం నేనే లేపినా.”

పొట్టకు కట్టి ఉన్న యోగేష్ గట్టిగా ఏడుపందుకున్నాడు. వెంకటస్వామి వాడి ముఖం చూశాడు. కాలరు వదిలేశాడు.

“నా చెట్లకు ఇప్పుడు నువ్వు పోస్తావా నీళ్లు?” అన్నాడు.

“మార్కాపురంలో మిషను పెట్టి చూసే ఆయన ఉన్నాడు మామా. నేల్లో కరెంటు పంపి చూస్తాడు. ఆయన చెప్పిందీ ప్రతిసారీ నిజం కాదు. కానీ లేదంటే లేదని చెప్తాడు. నేను ఎప్పుడూ అట్ల చెప్పలా.”

వెంకటస్వామి లారీ దిగి చెట్టు మొదట్లో కూలబడ్డాడు. సెల్వం కాసేపు చూసి టవర్ దించడం మొదలుపెట్టాడు.

కొండయ్య కాయను నేల మీద నుంచి తీసుకుని తువ్వాలుతో దుమ్ము తుడిచాడు.

“నేను లేపలేదురా. ఒట్టు. నలభై ఏళ్లలో ఒక్కసారి కూడా నేను లేపలా.”

“తెలుసు నాయనా. నువ్వు లేపలా. నీ వేళ్లు లేపినాయి.”

“తెలిసి నాకెందుకు చెప్పలేదు?”

“నువ్వు దండం పెట్టుకుంటా ఉంటివి.”

కొండయ్య తల తిప్పుకున్నాడు. “బండెక్కు నాయనా, ఇరుక్కుని పోదాం,” అంటే వినలేదు. “నేను నడిచే వస్తా. నువ్వు పో.” ఆ మాట అన్నాక ఆయన్ని కదిలించడం ఎవరి వల్లా కాదు. టైము పదకొండూ ఇరవై ఐదు. మహేష్ దివ్యను వెనక కూర్చోబెట్టుకున్నాడు.

“నాన్నా, నేను తప్పు చేసినానా?”

“లేదమ్మా. చెయ్యి నొప్పెడితే మాత్రం వెంటనే చెప్పాలి. ఎవరడిగినా సరే, కాయ కింద పెట్టెయ్యాలి.”

“పూలు తీసెయ్యాల్నా?”

“పూలు ఉండనీలే.”

బడి గేటు దగ్గరికి చేరేసరికి పన్నెండూ పది. చంద్రశేఖరరావు బస్సు పక్కనే నిలబడి వాచీ చూసుకుంటున్నాడు. మార్కాపురంలో బట్టల దుకాణం, ఇక్కడ బడి, రెంటినీ ఒకే మొహంతో నడిపే మనిషి.

“పది నిమిషాలు లేటు. అయినా ఏందయ్యా ఇది? ట్రయల్‌కు పిల్లల్ని తెచ్చినావు? ఆ పాపకు ఏం మొక్కు? వీడికి నిక్కరేది?”

“ఇంటికాడ చూసేవాళ్లు లేరు సార్. లేటైంది నిజమే. పిల్లను వెతుక్కుని తెచ్చుకున్నా.”

“దొరికిందిగా?”

“దొరికింది సార్.”

చంద్రశేఖరరావు ఇద్దర్నీ ఎగాదిగా చూశాడు. “ఎక్కించు. ఎట్లయినా ఇందులో ఎక్కేది పిల్లలేగా. కొనకనమిట్ల దాకా పోయి రావాలి. గుంతలు చూసి తోలు.”

పిల్లలిద్దర్నీ తన వెనక సీటులో కూర్చోబెట్టి, యోగేష్‌కు రెండో కాలు కూడా తొడిగి, అప్పుడు తాళం తిప్పాడు మహేష్. పెళ్లికి ముందు రెండేళ్లు లారీ తోలిన చేతులు. బస్సు నెమ్మదిగా గేటు దాటింది.

పదిహేను కిలోమీటర్లు పోయాక జేబులో ఫోన్ మోగింది. తీయలేదు. చంద్రశేఖరరావు ఓరగా చూశాడు. ఫోన్ ఆగి మళ్లీ మోగింది. మళ్లీ తీయలేదు.

“అర్జంటేమో?” అన్నాడు చంద్రశేఖరరావు.

“ఏదైనా బస్సు ఆగినాకే సార్.”

ఇంకో మలుపు తిరిగాక రోడ్డు పక్కన తెల్ల తువ్వాలు నెత్తిన కప్పుకుని ఒక మనిషి నడుస్తూ కనబడ్డాడు. కుడిచెయ్యి వేలాడుతోంది. ఎడమచేతిలో టెంకాయ ఉంది.

మహేష్ బ్రేకు మీద కాలు పెట్టాడు. “సార్, ఒక్క స్టాపు.”

“ఈ రూట్లో ఇక్కడ స్టాపు లేదే.”

“ఈ ఒక్కరోజుకు పెట్టాలి సార్. మా నాయన.”

చంద్రశేఖరరావు అద్దంలోంచి ఎండను చూశాడు, ముసలాయన్ను చూశాడు. “ఇండికేటర్ వేసి ఆపు,” అన్నాడు.

తలుపు తెరుచుకుంది. కొండయ్య ఎక్కాలా వద్దా అన్నట్టు నిలబడ్డాడు. దివ్య సీటు మీద నిలబడి పిలిచింది. “తాతా, ఎక్కు! ఇది మా నాన్న బస్సు!”

“ఇంకా కాలేదమ్మా,” అన్నాడు చంద్రశేఖరరావు.

కొండయ్య మెల్లగా ఎక్కి మనవరాలి పక్కన కూర్చున్నాడు. ఫోన్ మూడోసారి మోగింది. మహేష్ దాన్ని తీసి వెనక్కి అందించాడు. “నువ్వు మాట్లాడు నాయనా. నేను బండి తీయాల.”

బస్సు కదిలింది. కొండయ్య ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. “ఊఁ... ఊఁ... చెప్తాలే బావా,” అని పెట్టేశాడు.

“ఎవరు?”

“వెంకటస్వామి. మిషనాయన నంబరు పంపమన్నాడు. నిన్ను ఒక మాట కూడా అన్నాడు. పిల్లల ముందు చెప్పలేను.”

మహేష్ తలూపాడు. ఆ మాట తనకు రావాల్సిందే. నంబరు కూడా వెంకటస్వామికి చేరాల్సిందే. రేపు తనే ఆ మిషనాయన్ను చేనుకు తీసుకుపోవాలనుకున్నాడు. వెళ్తే వెంకటస్వామి గేటు తీస్తాడో లేదో తెలీదు.

రోడ్డు మీద గుంతలు మొదలయ్యాయి. ఒక్కొక్కటి తప్పించుకుంటూ పోతుంటే వెనక నుంచి యోగేష్ కేరింతలు వినబడ్డాయి. మహేష్ అద్దంలోకి చూశాడు.

కొండయ్య ఎడమ అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని దాన్నే చూస్తున్నాడు. వేళ్లు కొంచెం ముడిచాడు. కాయ లేచింది. వదిలాడు. పడింది. మళ్లీ ముడిచాడు. జీవితమంతా తనవే అయిన ఆ వేళ్లను ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడానికి రెండో చెయ్యి లేదు. దివ్య తన గౌను అంచుతో తుడిచింది.

“మళ్లీ తాతా! మళ్లీ లేపు!” అని యోగేష్ సీటు మీద గెంతుతున్నాడు.

ముందు సీటులోంచి చంద్రశేఖరరావు వెనక్కి తిరిగాడు. “ఏంది పెద్దాయనా, ఏం జరుగుతాంది అక్కడ?”

కొండయ్య ముక్కు ఎగబీల్చాడు. కాయను ఇంకోసారి నిలబెట్టి పైకెత్తి చూపించాడు.

“ఏంలేదు సార్,” అన్నాడు. “మీ బస్సు కింద కూడా నీళ్లు పడినాయి.”

చంద్రశేఖరరావుకు అర్థం కాలేదు. పిల్లలిద్దరూ పడీపడీ నవ్వారు. మహేష్ ఎదురుగా వస్తున్న గుంతను చూసి, గేరు తగ్గించి, బస్సును కుదుపు లేకుండా పక్కనుంచి పోనిచ్చాడు.